సుంకమూ, సత్కార్యమూ: అబూ యూసుఫ్, ఇబ్న్ ఖల్దూన్‌ల ఆర్థిక భావాల విమర్శనాత్మక పరిశీలన

ఒక వ్యాపారం మీద సుంకం విధించి, వచ్చిన సొమ్మును వేరొక సత్కార్యానికి వెచ్చించడం నేటి ప్రభుత్వాలకు బాగా అలవాటైన పద్ధతి. మద్యం మీది రాబడితో పేదలకు బియ్యం ఇస్తారు. బొగ్గు మీద సెస్సు వేసి సౌరశక్తికి నిధి ఏర్పరుస్తారు. దీనిని సమర్థించేవారు, చెడ్డ వ్యాపారం నుండి తీసి మంచి పనికి పెడితే రెండు విధాలా మేలే కదా అంటారు: చెడు తగ్గుతుంది, మంచి పెరుగుతుంది. వ్యతిరేకించేవారు, ఒకరి సంపాదనను మరొకరి కోసం లాక్కోవడం అన్యాయమంటారు. ఉభయుల వాదంలోనూ లోపముంది. చెడు నిజంగా తగ్గితే దాని మీద ఆధారపడిన రాబడి కూడా తగ్గుతుందన్న సంగతి మొదటివారికి గుర్తుండదు. ఏ పన్ను అయినా ఒకరి నుండి తీసి మరొకరికి చేర్చేదేనన్న సంగతి రెండవవారు మరుగుపరుస్తారు.

అసలు ప్రశ్న వేరు. పన్ను కట్టే వ్యాపారానికీ, ఆ సొమ్ముతో నడిచే కార్యానికీ మధ్య ఏమి సంబంధం ఉంది? ఆ సంబంధం సహేతుకమైనదా, లేక ఆ వ్యాపారం నుండి వసూలు చేయడం సులభం కాబట్టి మాత్రమే ఏర్పడినదా? ఇస్లామీయ వాఙ్మయంలో ఈ ప్రశ్న పాతదే. ఖాజీ అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్', ఇబ్న్ ఖల్దూన్ 'ముఖద్దిమా' దీనిని రెండు భిన్న దిశల నుండి స్పృశించాయి. ఆ గ్రంథాలను శ్లాఘించడం మన పత్రికలలో తరచుగా జరుగుతూనే ఉంది. వాటిని నేటి సమస్య ముందు నిలిపి పరీక్షించడం మాత్రం అరుదు.

న్యాయాధిపతి చూపు

అబూ యూసుఫ్ (మరణం హి. 182, క్రీ.శ. 798) ఇమామ్ అబూ హనీఫా శిష్యులు, అబ్బాసీ ఖిలాఫత్‌లో ప్రధాన ఖాజీ. ఖలీఫా హారూన్ రషీద్ కోరిక మీద ఆయన ఈ గ్రంథాన్ని రచించారు. కనుక ఇది సిద్ధాంత గ్రంథం కాదు. అధికారంలో ఉన్నవానికి న్యాయవేత్త ఇచ్చిన సలహా. భూమి విస్తీర్ణాన్ని బట్టి స్థిరమైన శిస్తు వేయడం కన్న పంటలో వాటా తీసుకోవడం మేలని ఆయన వాదించారు. పంట పోయిన ఏడు రైతు మీద మోయలేని భారం పడకూడదని ఆయన ఉద్దేశం. పన్ను వసూళ్లను గుత్తకు ఇవ్వడాన్ని ఆయన గట్టిగా నిరసించారు. గుత్తేదారు తాను చెల్లించిన మొత్తానికి మించి రాబట్టుకోవడానికే వస్తాడు గాని, ప్రజల యోగక్షేమాలు చూడడానికి రాడు.

ప్రస్తుత చర్చకు వీటికన్న ముఖ్యమైన సలహా మరొకటి ఉంది. ఖరాజ్ సొమ్మును సదఖా సొమ్ముతో కలపవద్దని ఆయన ఖలీఫాకు చెప్పారు. ఖరాజ్ ముస్లిములందరి ఉమ్మడి సొత్తు. సదఖా అయితే దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో పేర్కొన్న ఎనిమిది వర్గాలకే చెందుతుంది. ఆధునిక పరిభాషలో చెప్పాలంటే పద్దులు వేరుగా ఉండాలి. ఒక కార్యం పేరిట తీసిన సొమ్ము ఆ కార్యానికే చేరిందా లేదా అన్నది తేలాలంటే ఇంతకన్న మార్గం లేదు.

వ్యాపారాల మధ్య పన్ను రేటులో తేడా చూపడం న్యాయమేనా అన్న దానికి కూడా తొలి ఖిలాఫత్ ఆచరణలో సమాధానముంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో నబతీ వర్తకులు మదీనాకు తెచ్చే గోధుమల మీద, నూనె మీద ఇరవయ్యో వంతు మాత్రమే సుంకం తీసుకునేవారు. పప్పుధాన్యాల మీద పదో వంతు తీసుకునేవారు. గోధుమలు, నూనె మదీనాకు ఎక్కువగా రావాలన్నదే ఉద్దేశమని ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఉంది. అంటే ఒక సరకుపై తక్కువ, మరొక సరకుపై ఎక్కువ సుంకం వేయడం దానంతట అది అధర్మం కాదు. కాని ఇక్కడ తేడాకు కారణం ఆ సరకులోనే, ఆ నగర అవసరంలోనే ఉంది. పప్పుధాన్యాల నుండి పిండిన సొమ్ముతో మరేదో పథకం నడపడం కోసం ఆ తేడా పెట్టలేదు.

అబూ యూసుఫ్ గ్రంథానికి ఒక పరిమితి ఉంది. పన్ను వసూలు చేసే ఉద్యోగుల నడతను విచారించడానికి సద్వర్తనులను పంపమని ఆయన చెప్పారు. కాని ఖజానాలోకి చేరిన తరువాత ఆ సొమ్మును ఎవరు తనిఖీ చేయాలన్న దానిని ఖలీఫా దైవభీతికే విడిచిపెట్టారు. హితబోధగా అది ఉన్నతమైనదే. ఏర్పాటుగా అది చాలదు. తరువాతి చరిత్ర ఈ లోపాన్ని పదే పదే నిరూపించింది.

సగం చదివిన ఇబ్న్ ఖల్దూన్

ఇబ్న్ ఖల్దూన్ (1332-1406) సలహాదారుగా గాక పరిశీలకుడుగా మాట్లాడతారు. రాజ్యం ఆరంభదశలో పన్ను రేట్లు స్వల్పంగా ఉండి రాబడి అధికంగా ఉంటుందనీ, అంత్యదశలో రేట్లు అధికమై రాబడి క్షీణిస్తుందనీ ఆయన సూత్రీకరించారు. 1981లో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ తన పన్ను తగ్గింపు విధానానికి మద్దతుగా ఈ వాక్యాన్ని పేర్కొన్న నాటి నుండి ముస్లిం పత్రికలలో దానికి ప్రచారం పెరిగింది. ఒక ముస్లిం పండితుని మాట పాశ్చాత్య పాలకుని నోట వినబడినందుకు సంతోషించడం సహజం. కాని ఆ సంతోషంలో తరువాతి అధ్యాయం చదవడం మానివేయడం మాత్రం సమర్థనీయం కాదు.

ఆ తరువాతి అధ్యాయం రేటు గురించి కాదు. కొత్త సుంకాల పుట్టుక గురించి. పాలకుని ఖర్చులు, సైన్యపు జీతాలు పెరిగిపోయినప్పుడు మామూలు రాబడి చాలదు. అప్పుడు బజారులో అమ్మే సరకుల మీద కొత్త సుంకాలు కల్పిస్తారు. అరబీలో వీటినే 'ముకూస్' అంటారు. ఇక్కడ క్రమం గమనించదగినది. ముందు ఖర్చు నిర్ణయమవుతుంది. తరువాత దానికి తగిన వ్యాపారం కోసం వెదుకుతారు. ఆ వ్యాపారం ఆ సుంకాన్ని మోయగలదా, మోయడం న్యాయమా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఫలితంగా బజార్లు మందగిస్తాయి. వర్తకుల ఆశ క్షీణిస్తుంది. చివరకు జనావాసాలే చెదిరిపోతాయి. అబ్బాసీల, ఫాతిమీల చివరి రోజులలో హజ్ యాత్రికుల మీద కూడా సుంకాలు పడ్డాయనీ, సలాహుద్దీన్ అయ్యూబీ వాటిని తొలగించారనీ, అండలూస్‌లో యూసుఫ్ బిన్ తాష్ఫీన్ అలాగే చేశారనీ ఆయన ఉదాహరించారు.

ఈ విశ్లేషణ గొప్పదే అయినా అసంపూర్ణం. ఇబ్న్ ఖల్దూన్ దృష్టిలో ఖర్చు పెరగడానికి కారణం పాలకుల విలాసం. ఖర్చుకు కారణం విలాసం గాక నిజమైన అవసరమైతే ఏం చేయాలి? క్షామం వస్తే, శత్రువు సరిహద్దు దాటితే, ఖజానా ఖాళీగా ఉంటే? దీనికి ఆయన వద్ద జవాబు లేదు. హానికరమైన వ్యాపారాన్నీ, మేలు చేసే వ్యాపారాన్నీ ఆయన వేరు చేయలేదు కూడా. రెండింటి మీదా పడే సుంకం ఒకే విధంగా రాజ్యాన్ని క్షీణింపజేస్తుందనడం అతివ్యాప్తి దోషం.

ఈ లోటును న్యాయవేత్తలు కొంతవరకు పూరించారు. ఇబ్న్ ఖల్దూన్ సమకాలికులైన ఇమామ్ షాతిబీ (మరణం 1388) 'అల్ ఇఅ్‌తిసామ్'లో, ఖజానా ఖాళీ అయి దేశరక్షణకు ధనం చాలనప్పుడు న్యాయవంతుడైన పాలకుడు సంపన్నుల మీద, అవసరమున్నంత మేరకు, అవసరమున్నంత కాలం అదనపు పన్ను వేయవచ్చునన్నారు. అంతకు ముందు, మంగోలుల దండయాత్ర సమయంలో, ఈజిప్టు పాలకుడు ఖుతుజ్ ప్రజల నుండి యుద్ధ నిధి వసూలు చేయబోగా, ఇజ్జుద్దీన్ బిన్ అబ్దిస్సలామ్ ఒక షరతు విధించారు. ముందు సైనికాధికారుల వద్ద ఉన్న బంగారు ఆభరణాలు, అలంకారాలు తీసి ఖర్చు చేయాలి. అవి చాలనప్పుడే సామాన్యుల వద్దకు పోవాలి. ఈ ఫత్వాలలో ఎక్కడా ఒక వృత్తిని వేరుచేసి దాని మీదే భారం మోపాలన్న ఊహ లేదు. భారం మోయగల శక్తినే చూడమన్నారు.

షరీఅత్‌లో రేట్ల క్రమం

జకాత్ వ్యవస్థలో కూడా అన్ని రంగాలకూ ఒకే రేటు లేదు. భూమిలో దొరికిన నిధిపై ఐదో వంతు. వాన నీటితో పండిన పంటపై పదో వంతు. శ్రమపడి నీరు తోడి పండించిన పంటపై ఇరవయ్యో వంతు. వ్యాపార సరకుపై, నగదుపై నలభయ్యో వంతు. శ్రమ, పెట్టుబడి పెరిగినకొద్దీ రేటు తగ్గుతున్నది. అనాయాసంగా వచ్చిన సంపద మీద రేటు హెచ్చుతున్నది. ఒక పరిశ్రమ మీద మరొక పరిశ్రమ కన్న హెచ్చు పన్ను వేయడానికి ఇంతకన్న సహేతుకమైన ఆధారం దొరకదు.

మరొక విశేషముంది. రేటును నిర్ణయించేది సంపాదన స్వభావం. ఖర్చును నిర్ణయించేది గ్రహీత అవసరం. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి లేవు. నిధి దొరికినవాని సొమ్ము ఫలానా వర్గానికి, మేకల మందవాని సొమ్ము ఫలానా వర్గానికి అని జకాత్‌లో పంపకం లేదు. అందువల్ల ఏ ఒక్క వృత్తి దెబ్బతిన్నా ఏ ఒక్క పేదవర్గమూ పూర్తిగా అనాథ కాదు.

దీనికి వక్ఫ్‌ను ఎదురు ఉదాహరణగా చూపేవారున్నారు. ఒక బజారులోని దుకాణాల అద్దె ఒక మదరసాకు చెందాలని వక్ఫ్ చేయడం కూడా ఒక రాబడిని ఒక కార్యానికి ముడివేయడమే కదా అని వారి వాదన. పోలిక పైపైదే. వక్ఫ్‌లో దాత తన సొత్తును తానే ఇష్టపూర్వకంగా ఇస్తాడు. సుంకంలో ప్రభుత్వం ఇతరుల సొత్తును బలవంతంగా తీసుకుంటుంది. వక్ఫ్‌లో దాత విధించిన షరతును ముతవల్లీ మీరరాదు. సుంకంలో షరతు పెట్టేదీ, దానిని మార్చేదీ ప్రభుత్వమే. పైగా వక్ఫ్ ఆదాయం ధర్మసమ్మతం కావాలి. సారా దుకాణం అద్దెతో మదరసా నడపడాన్ని ఏ ఫఖీహ్ అంగీకరించడు.

మద్యం మీద సుంకం

ఇస్లామీయ రాజ్యంలో ముస్లిమేతరులకు మద్యం వ్యాపారం ఉండేది కనుక, దాని మీద సుంకం తీసుకోవచ్చునా అన్న ప్రశ్న ఫఖీహ్‌ల ముందుకు వచ్చింది. ముస్లిమేతర వర్తకుడు మద్యంతో సుంకం చౌకీ దాటితే దాని విలువపై సుంకం తీసుకోవచ్చునని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఇమామ్ షాఫయీ అంగీకరించలేదు. అబూ ఉబైద్ (మరణం 838) 'కితాబుల్ అమ్‌వాల్'లో ఒక ఉదంతం ఉల్లేఖించారు. ఖజానాకు చేరిన సొమ్ములో మద్యం మీది సుంకం కూడా ఉన్నదని తెలిసి, ఖలీఫా ఉమర్ బిన్ అబ్దిల్ అజీజ్ దానిని కట్టినవానికే తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఆ సొమ్ముతో ఎన్నో మంచి పనులు చేయవచ్చునని ఆయనకు తెలియక కాదు. ఖజానా ఒకసారి ఆ రుచి మరిగితే దానిని విడిపించడం కష్టమన్న ఎరుక ఆ ఆదేశంలో చూడవచ్చు.

ఆధునిక అర్థశాస్త్రం ఈ ఎరుకకు తర్కరూపం ఇచ్చింది. 1920లో పిగూ, సమాజానికి హాని చేసే ఉత్పత్తి మీద ఆ హానికి సమానమైన పన్ను వేస్తే ఉత్పత్తి తగిన మేరకు తగ్గుతుందని చూపారు. 1927లో ఫ్రాంక్ రామ్సే, రాబడే లక్ష్యమైతే ధర పెరిగినా గిరాకీ తగ్గని వస్తువుల మీద హెచ్చు పన్ను వేయాలని గణితపరంగా నిరూపించారు. ఇద్దరూ కేంబ్రిడ్జివారే, ఇద్దరి సూత్రాలూ సరైనవే. కాని రెండూ ఒకే సుంకానికి ఒకేసారి వర్తించవు. మొదటి సుంకం విజయానికి గుర్తు రాబడి తగ్గడం. రెండవ సుంకం విజయానికి గుర్తు రాబడి తగ్గకపోవడం. మద్యం మీద సుంకంతో తాగుడు తగ్గుతుందనీ, అదే సుంకంతో సంక్షేమానికి ఏటేటా నిధులు వస్తాయనీ ఒకే నోటితో చెప్పేవారు ఈ రెండింటిలో ఒకదానిని వదులుకోక తప్పదు. ఆచరణలో వదులుకునేది ఎప్పుడూ మొదటిదే.

ఆంధ్రదేశపు అనుభవం

దీనికి నిదర్శనం తెలుగునాటనే ఉంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించింది. పేదల ఆకలి తీర్చిన పథకమది. దాని విలువను తక్కువ చేయడం న్యాయం కాదు. అదే దశకంలో ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరిట సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. ఒక చేత బియ్యం, మరొక చేత సారా. కూలివాని ఇంటి లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. మగవాని కూలి సారా దుకాణం ద్వారా ఖజానాకు చేరేది. అందులో కొంత బియ్యం రూపంలో అదే ఇంటికి తిరిగి వచ్చేది. కట్టినదీ, పుచ్చుకున్నదీ ఒకే ఇల్లు. మధ్యలో గుత్తేదారు లాభం, ఆరోగ్యనష్టం, భార్యాబిడ్డల మీద పడిన దెబ్బలు మాత్రం ఏ పద్దులోనూ రాలేదు.

ఆ లెక్కను ముందుగా వేసినది ఆర్థికవేత్తలు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన శ్రామిక స్త్రీలు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లా అంతటా సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకు పెద్ద గండి పడింది. 1996లో బియ్యం ధర కిలో మూడున్నర రూపాయలైంది. 1997లో నిషేధాన్ని సడలించారు. నిషేధం విఫలం కావడానికి దొంగరవాణా ఒక కారణం. సంక్షేమం మద్యం భుజాల మీద నిలబడి ఉండడం అంతకన్న లోతైన కారణం. మద్యాన్ని తీసివేయాలంటే బియ్యాన్ని నిలబెట్టే మరొక ఆధారం ముందే సిద్ధం కావాలి. అది కాలేదు.

ఇక్కడ సలాహుద్దీన్ చేసిన పనిని గుర్తు చేసుకోవాలి. జిద్దాలో హజ్ యాత్రికుల నుండి వసూలు చేసే సుంకం మక్కా అమీరుకు జీవనాధారంగా ఉండేది. సలాహుద్దీన్ దానిని రద్దు చేసి ఊరుకోలేదు. బదులుగా అమీరుకు డబ్బు, గోధుమలు పంపే ఏర్పాటు చేశారు. 1183లో హజ్‌కు బయలుదేరిన అండలూస్ యాత్రికుడు ఇబ్న్ జుబైర్ దీనిని వివరించారు. ఆ సరఫరా ఆలస్యమైతే అమీరు మళ్లీ యాత్రికులను అడ్డుకునేవాడని కూడా ఆయన వాపోయారు. 1315లో ఈజిప్టు సుల్తాన్ అన్నాసిర్ ముహమ్మద్ కైరో ధాన్యపు రేవు సుంకాన్ని రద్దు చేసినప్పుడు కూడా, ఆ రాబడి మీద జీతం పొందే సైనికాధికారులకు కొత్త భూసర్వేలో వేరే ఆదాయం కేటాయించవలసివచ్చింది. చరిత్ర చెప్పే పాఠం స్పష్టం. సుంకాన్ని రద్దు చేయడానికి ఫర్మానా ఒక్కటే చాలదు. దాని మీద బ్రతుకుతున్నవారికి మరొక బ్రతుకు చూపాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఏర్పడిన రాష్ట్ర అభివృద్ధి సంస్థ మద్యం మీది రాబడిని ఆధారంగా చూపి, సంక్షేమ పథకాలకు బ్యాంకుల నుండి రుణాలు తెచ్చింది. ఇది పాత బంధానికి కొత్త ముడి. సుంకంతో నేటి ఖర్చు నడిపితే ఈ ఏడు తాగుడు మీద ఆధారపడినట్లు. రాబోయే సుంకాన్ని కుదువపెట్టి అప్పు తెస్తే, రాబోయే ఏళ్లలో కూడా తాగుడు తగ్గరాదని ముందే మాట ఇచ్చినట్లు.

బొగ్గు, బీడీ

సుంకానికీ కార్యానికీ సంబంధం సహేతుకంగా ఉన్నా, పద్దు సరిగా లేకపోతే ఏమవుతుందో బొగ్గు సెస్సు చూపింది. 2010లో కేంద్రప్రభుత్వం టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు విధించి, ఆ సొమ్ము స్వచ్ఛశక్తి నిధికి చెందుతుందన్నది. పొగ పుట్టించే ఇంధనం పొగలేని ఇంధనానికి దారి ఖర్చు భరించాలన్న తర్కం దోషరహితం. 2016 నాటికి సెస్సు 400 రూపాయలైంది. 2017-18 వరకు వసూలైన సుమారు 86 వేల కోట్ల రూపాయలలో ఆ నిధికి చేరినది 30 వేల కోట్ల లోపే. పథకాలకు అందినది సుమారు 16 వేల కోట్లు. 2017లో వస్తు సేవల పన్ను రాగానే ఈ సెస్సు స్థానంలో బొగ్గు మీద అదే రేటున రాష్ట్రాల రాబడి నష్టపరిహారపు సెస్సు వచ్చింది. సింగరేణి బొగ్గుతో వెలిగే దీపం కింద చదువుకునే కుర్రవాని ఇంటి కరెంటు బిల్లులో కూడా ఆ సెస్సు చేరింది. కార్యం మాత్రం దారి మళ్లింది. ఇది ఒక్క బొగ్గు కథ కాదు. 2018-19లో 35 రకాల సెస్సులు, సుంకాల కింద వసూలైన 2,74,592 కోట్ల రూపాయలలో ఆయా నిధులకు బదిలీ అయినది 1,64,322 కోట్లేనని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక తేల్చింది. పైగా రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు. పన్నుకు బదులు సెస్సు అనడంలో కేంద్రానికి ఉన్న సౌలభ్యం అది. పద్దులు కలపవద్దన్న అబూ యూసుఫ్ సలహా పన్నెండు శతాబ్దాల తరువాత కూడా పాతబడలేదు.

బీడీ సెస్సు కథ వేరు. 1976 చట్టం ప్రకారం తయారైన బీడీల మీద సెస్సు వేసి, ఆ సొమ్ముతో బీడీ కార్మికుల వైద్యం, పిల్లల చదువు, ఇళ్ల నిర్మాణం చూసేవారు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టి కుటుంబాలు పోషించే స్త్రీలలో ముస్లిం స్త్రీలూ ఉన్నారు. బీడీ తాగేవాడు, అది చుట్టిన చేతుల ఆరోగ్యానికి కొంత చెల్లించాలన్న ఈ సంబంధం న్యాయమైనది. అయినా ఇందులోనూ ఒక చిక్కుంది. బీడీ అమ్మకం తగ్గితే నిధి తగ్గుతుంది. అమ్మకం తగ్గినప్పుడే కార్మికురాలికి సహాయం ఎక్కువ అవసరమవుతుంది. కొడిగట్టే పరిశ్రమ తన కార్మికులను తానొక్కటే చివరి దాకా పోషించలేదు. 2017లో ఈ సెస్సు రద్దయి, ఆ సంక్షేమ భారం సాధారణ బడ్జెటు మీదకు మారింది. బడ్జెటులో దానికి తగిన చోటు దొరికినంతవరకే ఆ మార్పు మేలు.

ఒరగల్లు

1963లో అమెరికన్ ఆర్థికవేత్త జేమ్స్ బుకానన్, ఒక పన్నును ఒక ఖర్చుకు కేటాయిస్తే పౌరుడు దేనికి ఎంత చెల్లిస్తున్నాడో తెలుసుకుంటాడని ఈ పద్ధతిని సమర్థించారు. ఆ సమర్థన విలువైనదే. అయితే కట్టేవాడూ మేలు పొందేవాడూ ఒకరే అయినప్పుడు గాని అది పూర్తిగా పొసగదు. ఢిల్లీ సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ (పాలన 1351-1388) ఈ తేడాను ఆచరణలో చూపారు. పూలు అమ్మేవారి మీద, చేపలు అమ్మేవారి మీద పడే చిల్లర సుంకాలను షరీఅత్‌కు విరుద్ధమని రద్దు చేశారు. తాను తవ్వించిన కాలువల నీరు పారిన పొలాల మీద మాత్రం, ఉలమాను సంప్రదించి, పదో వంతు నీటి హక్కు రుసుం విధించారు. పూలమ్మే మనిషికీ సుల్తాన్ ఖర్చుకూ సంబంధం లేదు. కాలువ నీటికీ పొలానికీ ఉంది.

కనుక ఒక పరిశ్రమ మీద సుంకం వేసి ఒక కార్యం నడపడం ఆర్థికంగా సమంజసమా అన్న ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో జవాబు లేదు. ఆ పరిశ్రమ చేసిన హానిని పూడ్చడానికో, అది పొందిన మేలుకు వెల చెల్లించడానికో, దానికి అనాయాసంగా దక్కిన లాభంలో వాటా తీయడానికో అయితే అది సమంజసం. పద్దు వేరుగా ఉండి తనిఖీకి తెరచి ఉంటేనే ఆ సమంజసత్వం నిలుస్తుంది. ఆ పరిశ్రమ మూతబడిన నాడు కూడా ఆ కార్యం ఆగిపోకుండా ఉండాలి. ఈ చివరి పరీక్షలో మద్యం మీద నిలిచిన సంక్షేమం నిలువదు.

ముస్లిం పాఠకుడు ఈ విషయంలో ఒక పొరబాటుకు లోనుకావచ్చు. నిషిద్ధ వ్యాపారం మీద ఎంత సుంకం వేస్తే అంత మంచిదని, అందులో తనకు నష్టమేమీ లేదని అనుకోవచ్చు. మద్యంలో కొంత లాభమున్నా పాపం అంతకన్న అధికమని బఖరా సూరా 219వ ఆయత్ తెలిపింది. ఆ కొంత లాభాన్నే ఖజానా పట్టుకుని వేలాడినప్పుడు, పాపాన్ని తగ్గించవలసిన రాజ్యం దానికి భాగస్వామి అవుతుంది. ఆ ఖజానా నుండి బియ్యం తెచ్చుకునే పేదవాడు తన పొరుగువాని తాగుడు మీద ఆధారపడినవాడవుతాడు. ఆకలిగొన్నవాని హక్కు సంపన్నులందరి సొమ్ములో ఉంది. దానిని తాగుబోతు జేబుకు ముడివేయడం పేదవానికీ, తాగుబోతుకూ కూడా అన్యాయమే.